స్కోప్ కడిగే గది నుంచి వచ్చిన ప్రశ్నలు

పోయిన నెల ఎండోస్కోపీ గురించి, అంటే స్కోప్ అనే గొట్టాన్ని లోపలికి పంపి కడుపునీ పేగునీ చూడటం గురించి, ఒక చిన్న జవాబు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు, అందులోనూ ఎక్కువ విశాఖ నుంచే, స్కోప్‌లు కడిగే గదిలో రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళ నుంచే వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళ ప్రశ్నలకే. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, పేట పేరు మాత్రమే ఉంచాను.

మేడమ్ గారూ, నేను ఒక చిన్న గ్యాస్ట్రో క్లినిక్‌లో స్టాఫ్ నర్సుని. మాకు రెండు గ్యాస్ట్రోస్కోప్‌లు, ఒక కొలనోస్కోప్ ఉన్నాయి. రోజుకి పది పన్నెండు కేసులు అవుతాయి. వాటిని కడిగాక ముంచి క్రిములు చంపడానికి ఇన్నాళ్ళూ గ్లుటరాల్డిహైడ్ అనే మందు వాడుతున్నాం. ఈ మధ్య మందుల కంపెనీల నుంచి ఇద్దరు రెప్‌లు వచ్చారు, ఒకరు ఓపీఏ (ఆర్థోథాలాల్డిహైడ్) మంచిదంటారు, ఇంకొకరు పెరాసిటిక్ యాసిడ్ మంచిదంటారు. ఇద్దరూ 99.9999 శాతం క్రిములు చస్తాయనే కాగితమే చూపించారు. మా సార్ "నువ్వే చూసి చెప్పమ్మా" అన్నారు. నేను ఏం చూడాలి?
– మహారాణిపేట

ముందు మీ సార్‌కి నా నమస్కారం చెప్పమ్మా. మందు కొనే ముందు కడిగే మనిషిని అడిగే చోట్లు చాలా తక్కువ.

ఆ 99.9999 దగ్గరే మొదలుపెడదాం. ఒక కేసు అయ్యాక స్కోప్ మీద, లోపలి ఛానల్లో, అంటే గొట్టం లోపలి సన్నటి దారిలో, కలిపి లక్ష నుంచి వెయ్యి కోట్ల దాకా సూక్ష్మజీవులు ఉండొచ్చు. చేత్తో సరిగ్గా బ్రష్ చేసి కడిగితే పదివేలకు ఒకటి మిగులుతుంది, అంటే వెయ్యి కోట్లు కాస్తా పది లక్షలకు దిగుతాయి. రెప్ చూపించిన శాతానికి అర్థం పది లక్షలకు ఒకటి మిగలడం. అక్కడితో లెక్క సరిపోయింది. ఇప్పుడు బ్రష్ చేయకుండా నేరుగా ట్రేలో ముంచారనుకోండి, అదే మందు, అదే శాతం, అయినా పదివేలు బతికే ఉంటాయి. నిజానికి అంతకంటే ఎక్కువే ఉంటాయి, ఎందుకంటే రక్తం, జిగురు, మలం అడ్డుగా ఉన్నప్పుడు మందు కింది దాకా చేరదు. అంటే ఇద్దరు రెప్‌లు చూపించిన కాగితాల్లో మీ కడుగుడు లేదు, మీ బ్రష్ లేదు, మీ నీళ్ళు లేవు. మీరు చూడాల్సింది ఆ మందు మీ గదిలో, మీ చేతుల్లో, పన్నెండో కేసుకి కూడా అలాగే పనిచేస్తుందా లేదా అన్నది.

మూడు మందుల గుణాలు చెప్తాను. మూడూ అసలు పనికి వచ్చేవే, అది ముందే చెప్పేస్తున్నాను.

గ్లుటరాల్డిహైడ్, మన ఆసుపత్రుల్లో ఏ కంపెనీ డబ్బా అయినా అందరూ సైడెక్స్ అనే పిలుస్తారు, 2 శాతానికి కాస్త పైన ఉంటుంది. డబ్బాతో వచ్చే యాక్టివేటర్ కలిపితేనే పనిచేస్తుంది, కలిపిన దగ్గర్నుంచి దాని ఆయుష్షు తగ్గుతూ ఉంటుంది. చాలా డబ్బాల మీద 14 రోజులు అని ఉంటుంది, కొన్నింటి మీద 28. చవక, రబ్బరుకీ లెన్సుకీ హాని తక్కువ, ఎన్నో ఏళ్ళుగా వాడి చూసింది. కానీ దీనికో గుణం ఉంది, ప్రొటీన్‌ని గట్టిపరిచి అంటించేస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడాల్సిన కణజాలాన్ని గట్టిపరచడానికి ల్యాబుల్లో వాడేది ఇదే. ఇక కడగని స్కోప్‌ని ఇందులో ముంచితే ఏమవుతుందో మీకే అర్థమవుతుంది, ఛానల్లో మిగిలిన రక్తం గోడకి పూసిన సున్నంలా పట్టుకుంటుంది. తర్వాత దాని మీద ఇంకో పొర, ఇంకో పొర. 1990ల్లో యూరప్‌లో స్కోప్‌లు కడిగే యంత్రాల్లో ఈ మందుకి లొంగని మైకోబాక్టీరియా (క్షయ క్రిమి జాతివి) కూడా దొరికాయి.

ఓపీఏ 0.55 శాతం ఉంటుంది, యాక్టివేటర్ అక్కర్లేదు, ఘాటు చాలా తక్కువ, మైకోబాక్టీరియాని గ్లుటరాల్డిహైడ్ కంటే వేగంగా చంపుతుంది. స్పోర్ల మీద, అంటే కొన్ని బాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని దాక్కునే రూపం మీద, మాత్రం చాలా నెమ్మది. ప్రొటీన్ తగిలితే బూడిద రంగు మచ్చ పడుతుంది, చర్మం మీద, బట్ట మీద, ట్రే మీద కూడా. చాలామంది ఆ మచ్చని తిట్టుకుంటారు. నేను మాత్రం దాన్ని మంచి సూచనగానే చూస్తాను: స్కోప్ మీద మచ్చ పడిందంటే అక్కడ మురికి మిగిలే ముంచారన్న మాట. ఓపీఏ తర్వాత ప్రతిసారీ కొత్త నీళ్ళతో మూడుసార్లు జాడించాలి, లేకపోతే మిగిలిన మందు పేషెంటు పెదవులకి, నోటికి మరకలు చేస్తుంది.

పెరాసిటిక్ యాసిడ్ స్పోర్లని కూడా చంపుతుంది, ప్రొటీన్‌ని అంటించే గుణం చాలా తక్కువ, చివరికి విడిపోయి ఆసిటిక్ యాసిడ్, నీళ్ళు, ఆక్సిజన్ అయిపోతుంది. కానీ రాగి, ఇత్తడి లాంటి లోహాలని తినేస్తుంది, కలిపిన తర్వాత దాని ఆయుష్షు సాధారణంగా తక్కువ, వెనిగర్ లాంటి వాసన. కొన్ని పౌడర్ రకాలని గోరువెచ్చని నీళ్ళలో కలిపి కొంతసేపు ఆగాలి, ఆ ఆగడం మానేసి వెంటనే ముంచితే మందు ఇంకా తయారే కాలేదు.

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్నలు. మొదటిది రెప్‌ని కాదు, మీ స్కోప్ తయారు చేసిన కంపెనీని అడగాలి: మా మోడల్‌కి ఈ మందు, ఈ గాఢత పనికొస్తుందా, రాసి ఇవ్వండి అని. ఒలింపస్, ఫుజిఫిల్మ్, పెంటాక్స్ ఎవరైనా సరే వాళ్ళ మాన్యువల్‌లో ఈ విషయం ఉంటుంది. స్కోప్ రిపేరుకి లక్షలు అవుతాయి, వారంటీ పోయాక రెప్ ఫోన్ ఎత్తడు.

రెండోది టైము, వేడి. ఓపీఏ ఒక దేశం లేబుల్ మీద 20 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు అని ఉంటుంది, ఇంకో చోట 5 నిమిషాలు అని ఉంటుంది, కాబట్టి నెట్‌లో చూసింది కాదు, మీ చేతిలో ఉన్న డబ్బా మీద ఏముందో అదే మీ టైము. గ్లుటరాల్డిహైడ్‌కి బాగా కడిగిన స్కోప్ అయితే 20 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు అన్నది చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. విశాఖలో ఎండాకాలం ఇదేం సమస్య కాదు, మందే గోరువెచ్చగా ఉంటుంది. సమస్య ఏసీ గదుల్లో. పొద్దున్నే ఏసీ 18లో పెట్టి, ట్రే దాని కిందే ఉంచితే మందు 20 కిందకి దిగిపోతుంది, అప్పుడు లేబుల్ మీది టైము మీకు వర్తించదు. ఒక థర్మామీటర్ కొని ట్రేలో పెట్టండి, అంతే.

మూడోది, దీని గురించి నేను గట్టిగా చెప్తాను, టెస్ట్ స్ట్రిప్, అంటే మందు బలం ఇంకా ఉందా అని ముంచి చూసే పట్టీ. 14 రోజులు అనేది గరిష్ఠం, గ్యారంటీ కాదు. మీరు కడిగిన స్కోప్‌ని నీళ్ళు కారుతుండగానే ముంచితే ప్రతిసారీ కొన్ని మిల్లీలీటర్ల నీళ్ళు ట్రేలోకి వెళ్తాయి, రోజుకి పన్నెండు కేసులైతే ఎన్ని నీళ్ళు కలిశాయో లెక్కేసుకోండి. ఓపీఏకి 0.3 శాతం కిందకి దిగితే పారబోయాల్సిందే, ఇంకా నాలుగు రోజులు గడువు ఉన్నా సరే. గ్లుటరాల్డిహైడ్‌కి కనీసం ఎంత ఉండాలో దాని లేబుల్ చెప్తుంది, చాలావాటికి అది 1.5 శాతం చుట్టుపక్కల. ఏ మందుకి ఆ మందు స్ట్రిప్పే వాడాలి. స్ట్రిప్ డబ్బా మూత తీసిన రోజు దాని మీద రాయండి, తీసి నెలలు గడిచిన స్ట్రిప్ మన గాలి తేమకి పాడై తప్పు చెప్తుంది. సరైన స్ట్రిప్ దొరకని మందుని, ఎంత చవకైనా, నేనైతే కొనను. ఇంకో అలవాటు చాలా చోట్ల చూశాను, ట్రేలో మందు తగ్గితే కొత్తది పోసి నింపడం. పాతది అలాగే ఉంది, తేదీ మాత్రం కొత్తదైంది. దయచేసి అలా చేయొద్దు.

నాలుగోది డబ్బు. లీటరు ఎంత అని కాదు, స్కోప్‌కి ఎంత అని లెక్కేయండి. ఒక నింపు మందు ధర, దానికి అయ్యే స్ట్రిప్‌ల ధర, జాడించే నీళ్ళ ఖర్చు అన్నీ కలిపి, స్ట్రిప్ ఫెయిల్ అయ్యే లోపు నిజంగా ఎన్ని స్కోప్‌లు ముంచారో దానితో భాగించండి. మీ దగ్గర గ్యాస్ట్రోస్కోప్‌లు రెండే, కేసులు పన్నెండు. నానబెట్టే టైము ఎక్కువైతే బయట కూర్చున్న పేషెంట్లు విసుక్కుంటారు, లోపల డాక్టరు గారు పిలుస్తుంటారు, ఆ ఒత్తిడిలో 20 నిమిషాలు 12 అవుతాయి, బ్రష్ ఒక్కసారే వెళ్తుంది. ఇది ఎవరి చెడ్డతనమూ కాదు, టెన్షన్‌లో మనిషి చేసేది అదే. అందుకే మీ రద్దీకి సరిపడే టైము ఉన్న మందు తీసుకోవడం కూడా భద్రతలో భాగమే. చవక మందు కొని, దాని టైము ఇవ్వలేకపోతే ఆ చవకకి అర్థం లేదు.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో స్కోప్ ఛానల్ నుంచి తీసిన నీళ్ళని కల్చర్ చేస్తే, అంటే అందులోని క్రిముల్ని ల్యాబులో పెంచి చూస్తే, మళ్ళీ మళ్ళీ సూడోమోనాస్ అనే బాక్టీరియా వచ్చేది. అందరం మందునే అనుమానించాం. బ్రాండ్ మార్చాం, మళ్ళీ మార్చాం, నానబెట్టే టైము పెంచాం. నేనే ల్యాబులో కూర్చుని రెండు మందుల్నీ ఆ క్రిమి మీద పరీక్షించాను, రెండూ చంపేశాయి. అయినా స్కోప్‌లో మాత్రం అది వస్తూనే ఉంది. చివరికి, నెలలు గడిచాక, ఆఖరి జాడింపుకి వాడే కుళాయి నీళ్ళని కల్చర్ పెడదామని తట్టింది. క్రిమి అక్కడ ఉంది, మేడ మీది ట్యాంకులో. మేం మందుతో చంపి, తర్వాత మా చేతులతోనే మళ్ళీ పోస్తున్నాం. ఆ నెలల్లో ఎందరికి స్కోప్ వేశామో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే ఏ మందు అని అడిగిన ప్రతివాళ్ళనీ నేను తిరిగి అడిగేది, ఆఖరి నీళ్ళు ఎక్కడివి అని. స్టెరైల్ నీళ్ళు గానీ, 0.2 మైక్రాన్ ఫిల్టర్ దాటిన నీళ్ళు గానీ ఉండాలి. బీచ్ వైపు కొన్ని చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో అస్సలు వద్దు.

ఇంత చెప్పాక మీకేది అని అడిగితే: గది చిన్నది, కిటికీ లేదు, కేసులు ఎక్కువ అయితే నా ఓటు ఓపీఏకి. రోజూ కొత్తగా కలుపుకునే ఓపిక, స్కోప్ కంపెనీ ఒప్పుకోలు రెండూ ఉంటే పెరాసిటిక్ యాసిడ్ ఇంకా మంచిది. కానీ రెండిట్లో ఏది కొన్నా, ఆ డబ్బులో కొంత తీసి ముందు మురికిని కరిగించే మంచి ఎంజైమ్ సొల్యూషన్, మీ ఛానల్ కొలతకి సరిపోయే బ్రష్‌లు, స్ట్రిప్‌లు కొనమని మీ సార్‌కి చెప్పమ్మా. ఒక నెల ట్రయల్‌గా వాడండి, రోజూ స్ట్రిప్ ఫలితం, స్కోప్ నంబరు, ముంచిన టైము, తీసిన టైము ఒక పుస్తకంలో రాయండి. నెలాఖరుకి ఆ పుస్తకం చూస్తే ఏ రెప్ చెప్పనిది మీకు తెలుస్తుంది.

మా నాన్నగారికి వచ్చే వారం ఎండోస్కోపీ చేయాలన్నారు. ఆ గొట్టం అందరికీ అదే వేస్తారని తెలిసి భయమేస్తోంది. హెపటైటిస్, హెచ్ఐవీ అంటుకుంటాయా? పొద్దున్నే మొదటి కేసుగా వెళ్తే మంచిదని మా బావ అంటున్నాడు.
– గోపాలపట్నం

భయం సహజమే తమ్ముడూ, కానీ ఆ భయంతో పరీక్ష వాయిదా వేయొద్దు, అది ముందు చెప్పాలి. హెచ్ఐవీ ఈ మందులకి చాలా తేలిగ్గా లొంగుతుంది. హెపటైటిస్ బి, సి, కడుపులో పుండ్లు చేసే హెలికోబాక్టర్ పైలోరీ లాంటివి స్కోప్ ద్వారా వెళ్ళిన సందర్భాలు రికార్డుల్లో ఉన్నాయి, చూస్తే చాలావాటిలో కడగడంలో ఏదో ఒక మెట్టు తప్పిపోయింది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. పిత్తనాళంలో రాళ్ళు తీయడానికి వాడే డ్యుయోడెనోస్కోప్ అని ఒకటి ఉంది, దాని కొసన చిన్న మీట ఉంటుంది, ఆ సందులోకి బ్రష్ సరిగా వెళ్ళదు. అమెరికాలో దాని వల్ల మొండి బాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు వ్యాపించాయి, కొన్ని చోట్ల పద్ధతి ప్రకారం కడిగినా వ్యాపించాయి. 2015లో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది, 2019లో కొస భాగం వాడి పారేసేలా ఉండే రకాలకి మారమని ఆసుపత్రులకి చెప్పింది. నాన్నగారికి చేసేది మామూలు కడుపు ఎండోస్కోపీ అయితే అందులో ఆ మీట ఉండదు.

ఇక మొదటి కేసు సంగతి. బావగారి మాటలో తర్కం ఉంది కానీ అది సగమే. రాత్రి స్కోప్‌ని తడిగా వదిలేస్తే, మిగిలిన పదీ ఇరవై క్రిములు తెల్లారేసరికి లక్షలవుతాయి. సరిగ్గా ఆరబెట్టని చోట మొదటి కేసే ఎక్కువ ప్రమాదం. కాబట్టి ఎన్నో కేసు అని కాకుండా మర్యాదగా మూడు మాటలు అడగండి: ప్రతి పేషెంటు తర్వాత బ్రష్‌తో కడిగి మందులో పూర్తి టైము ఉంచుతారా, దానికి రికార్డు రాస్తారా, బయాప్సీ తీస్తే ఆ ముక్క తెంపే ఫోర్‌సెప్స్ కొత్తదా లేక ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో శుద్ధి) చేసిందా. బయాప్సీ ఫోర్‌సెప్స్ కండని కోస్తుంది, దానికి మందులో ముంచడం చాలదు. మంచి చోట ఈ ప్రశ్నలకి కోపం రాదు, సిస్టర్ నవ్వుతూ పుస్తకం చూపిస్తుంది. విసుక్కుంటే ఇంకో చోటికి వెళ్ళడానికి మీకు హక్కుంది.

నాలుగేళ్ళుగా స్కోప్‌లు కడుగుతున్నాను. కళ్ళు మంట, ముక్కు కారడం, ఈ మధ్య రాత్రిళ్ళు పిల్లికూతలు. ఆదివారం బాగుంటుంది, సోమవారం మళ్ళీ మొదలు. సూపర్‌వైజర్ని అడిగితే "ఏటవుద్ది, అందరం ఈ వాసనలోనే ఉన్నాం కదా" అంటున్నాడు.
– గాజువాక

అమ్మా, ఆదివారం బాగుండి సోమవారం మళ్ళీ మొదలైందంటే కారణం పని దగ్గరే ఉంది. గ్లుటరాల్డిహైడ్ ఆవిరి వల్ల ఆస్తమా వస్తుందని బాగా తెలిసిన విషయం, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం తగిలినా అటాక్ వస్తుంది. ఈ వారమే ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకోండి, ఏ పని చేస్తారో, ఏ మందు వాడతారో కచ్చితంగా చెప్పండి. చెప్పకపోతే మామూలు దగ్గు మందు రాసి పంపిస్తారు.

మీ సూపర్‌వైజర్ ఈ మాట చదవాలని కోరుకుంటున్నాను: గాలిలో ఈ ఆవిరి ఏ క్షణంలోనూ 0.05 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 0.05 వంతు) దాటకూడదని అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ పెట్టిన హద్దు. మనిషి ముక్కుకి ఆ వాసన తెలియడం మొదలయ్యేది దాదాపు 0.04 దగ్గర. అంటే గదిలో ఘాటు తెలుస్తోందంటే హద్దు దగ్గరికి వచ్చేసినట్టే, కళ్ళు మండుతున్నాయంటే దాటేసినట్టే అనుకోవాలి. అందరూ అందులోనే ఉండటం దానికి జవాబు కాదు.

సర్జికల్ మాస్క్ ఆవిరిని ఆపదు. పల్చటి లేటెక్స్ గ్లౌజులు కూడా ఎక్కువసేపు ఆపవు, నైట్రైల్ గ్లౌజులు వాడండి, మోచేతుల దాకా ఉండేవి. ట్రేకి మూత ఎప్పుడూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం గాలి. స్ప్లిట్ ఏసీ ఉంది కదా అంటారు, కానీ అది గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటికి పంపదు. ట్రే దగ్గర్నుంచి ఆవిరిని లాగి బయటికి పంపే ఎగ్జాస్ట్ ఉండాలి, గంటకి కనీసం ఏడు నుంచి పదిహేను సార్లు గది గాలి మొత్తం మారాలన్నది లెక్క. మందు మార్చమని కూడా రాతపూర్వకంగా అడగండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఓపీఏకి మారితే ఆవిరి చాలా తగ్గుతుంది, కానీ అది కూడా కొందరికి పడదు, కాబట్టి గ్లౌజులు, ఎగ్జాస్ట్ అప్పుడూ కావాల్సిందే.

స్పిరిట్‌తోనో డెటాల్‌తోనో తుడిస్తే చాలదా? మా దగ్గర క్యాంపుల్లో అలాగే చేసేవారు.
– మధురవాడ

చాలదు. స్పిరిట్ స్పోర్లని చంపదు, పైగా కడగని మురికిని అంటించేస్తుంది. డెటాల్ చర్మానికి, నేలకి. బ్లీచింగ్ స్కోప్‌ని పాడుచేస్తుంది. శరీరం లోపలి పొరలకి తగిలే పరికరం ఏదైనా హై లెవెల్ డిసిన్ఫెక్షన్ (స్పోర్లు తప్ప దాదాపు అన్ని క్రిముల్నీ చంపే శుద్ధి) దాటాల్సిందే, పరికరం తగిలే చోటుని బట్టి ఎర్ల్ స్పాల్డింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చేసిన ఆ వర్గీకరణనే ఈ రోజుకీ ప్రపంచమంతా పాటిస్తోంది.

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టుగా నాలుగు ఎండోస్కోప్ డిసిన్ఫెక్టెంట్లని పోల్చాలనుకుంటున్నాను. అగార్ ప్లేటు మీద మందు డిస్కులు పెట్టి, చుట్టూ క్రిములు పెరగని జోన్ కొలిస్తే సరిపోతుందా మేడమ్?
– మద్దిలపాలెం

నీ ప్రశ్న చదివి సంతోషం వేసింది బాబూ, ఎందుకంటే అడిగావు. చాలా ప్రాజెక్టుల్లో అడక్కుండా అదే చేసేస్తారు. జోన్ కొలవడం యాంటీబయాటిక్‌లకి. డిసిన్ఫెక్టెంట్‌కి అది పనికిరాదు, ఎందుకంటే మందు అగార్‌లో ఎంత దూరం పాకింది అన్నదే కొలుస్తావు తప్ప ఎన్నిటిని ఎంత సేపట్లో చంపింది అన్నది కాదు. పైగా అగార్‌లో ఉన్న ప్రొటీన్‌తోనే గ్లుటరాల్డిహైడ్ కలిసిపోతుంది.

చేయాల్సింది క్వాంటిటేటివ్ సస్పెన్షన్ టెస్ట్. తెలిసిన సంఖ్యలో బాక్టీరియా తీసుకో, మందులో కలుపు, లేబుల్ మీది టైము కాగానే ఆపు, బతికినవి లెక్కపెట్టు. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 13727లో బాక్టీరియాకి 5 లాగ్ తగ్గుదల అడుగుతారు, అంటే లక్షకి ఒకటి మిగలాలి. మైకోబాక్టీరియాకి ఈఎన్ 14348, అందులో 4 లాగ్. క్షయ క్రిమి జోలికి పోవద్దు, ఆ పరీక్షకే మైకోబాక్టీరియం టెర్రే వాడతారు, అది చాలు, అదీ గైడ్ పర్యవేక్షణలోనే.

ఇందులో అందరూ జారిపడే చోటు "ఆపు" అన్న మాట దగ్గర. టైము అయ్యాక మందుని నిర్వీర్యం చేయకపోతే అది ప్లేటు మీద కూడా చంపుతూనే ఉంటుంది, నువ్వేమో 5 నిమిషాల్లో అన్నీ చచ్చాయని రాస్తావు. గ్లుటరాల్డిహైడ్‌కి, ఓపీఏకి గ్లైసిన్, పెరాసిటిక్ యాసిడ్‌కి సోడియం థయోసల్ఫేట్ వాడతారు. ఆ న్యూట్రలైజర్ నిజంగా మందుని ఆపుతోందని, అది తనంతట తాను బాక్టీరియాని చంపడం లేదని విడిగా నిరూపించు. వైవాలో మొదట అడిగేది అదే.

ఇంకో సలహా, నీ ప్రాజెక్టుని మామూలు దాన్నుంచి పైకి లేపేది ఇదే: ప్రతి మందునీ రెండు పరిస్థితుల్లో పరీక్షించు. శుభ్రమైన పరిస్థితి అంటే లీటరుకి 0.3 గ్రాముల ఆల్బుమిన్. మురికి పరిస్థితి అంటే లీటరుకి 3 గ్రాముల ఆల్బుమిన్, దానితో పాటు 3 మిల్లీలీటర్ల గొర్రె ఎర్ర రక్తకణాలు. ఆ రెండు అంకెల మధ్య తేడాయే కడిగిన స్కోప్‌కీ కడగని స్కోప్‌కీ ఉన్న తేడా. వీలైతే టెఫ్లాన్ గొట్టం ముక్కలు తీసుకుని, వాటి లోపల సూడోమోనాస్ బయోఫిల్మ్ పెంచి, ముందు ఎంజైమ్‌తో కడిగినవి, కడగనివి రెండు రకాలూ మందులో పెట్టి చూడు. నీళ్ళలో తేలుతున్న బాక్టీరియాని చంపిన మందు గొట్టం గోడకి పట్టిన పొర దగ్గర ఎలా తడబడుతుందో నీ కళ్ళతో చూస్తావు. మీ ఊళ్ళోనే మెడ్‌టెక్ జోన్ ఉంది, వైద్య పరికరాల తయారీ, పరీక్షలు అక్కడే జరుగుతాయి, మీ డిపార్ట్‌మెంట్ ద్వారా ఒకసారి వెళ్ళి చూసి రా.

మా యూరాలజీ సార్ మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోప్‌ల్ని కూడా ఎండోస్కోపీ వాళ్ళ ఓపీఏ ట్రేలోనే వేయమంటున్నారు. వేయొచ్చా?
– సీతమ్మధార

మూత్రాశయ క్యాన్సర్ ఉన్న పేషెంట్లకి మళ్ళీ మళ్ళీ సిస్టోస్కోపీ చేయాల్సి వస్తుంది, వాళ్ళకి వాడే పరికరాలకి ఓపీఏ వాడొద్దు. అలా వాడినప్పుడు కొందరికి తీవ్రమైన అలర్జీ, అనాఫిలాక్సిస్ వచ్చింది, ఆ హెచ్చరిక డబ్బాతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితాన్నే తీసుకెళ్ళి సార్ టేబుల్ మీద పెట్టండి, మీరు ఏమీ వాదించక్కర్లేదు.

మా డాక్టరు గారు వారానికి రెండు రోజులు అనకాపల్లి, నర్సీపట్నం వెళ్ళి ఎండోస్కోపీ చేస్తారు. స్కోప్‌ని కంపెనీ ఇచ్చిన ఫోమ్ పెట్టెలోనే తీసుకెళ్తాం, రాత్రి వచ్చాక అందులోనే ఉంచుతాం. వానాకాలం పెట్టె తెరిస్తే ముక్క వాసన వస్తోంది. మందు మార్చాలా?
– పెందుర్తి

మందు మార్చినా ఆ వాసన పోదు తమ్ముడూ, ఎందుకంటే తప్పు మందులో లేదు, పెట్టెలో ఉంది. ఆ ఫోమ్ తడిని పీల్చుకుంటుంది, మళ్ళీ ఎప్పటికీ పూర్తిగా ఆరదు, దాన్ని శుభ్రం చేసే దారి కూడా లేదు. ఎండలో పెట్టినా లోపల తడి అలాగే ఉంటుంది. కడిగిన స్కోప్‌ని దానిలో పెట్టడం అంటే ఉతికిన బట్టని మళ్ళీ మాసిన మూటలో కట్టడమే. ఆ పెట్టె స్కోప్‌ని రిపేరుకి పంపడానికి మాత్రమే.

మన విశాఖ గాలిలో తేమ ఏడాది పొడుగునా ఉంటుంది, వానాకాలం చెప్పక్కర్లేదు, కాబట్టి తనంతట తనే ఆరుతుందిలే అనుకోవద్దు. ఆఖరి జాడింపు అయ్యాక ఛానల్లోకి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పంపాలి, తర్వాత ఫిల్టర్ చేసిన గాలిని ఒత్తిడితో కనీసం పది నిమిషాలు పంపాలి. సిరంజితో నాలుగుసార్లు ఊదితే సరిపోదు, అంత పొడుగు గొట్టం మధ్యలో చుక్కలు ఉండిపోతాయి. వాల్వులన్నీ తీసేసి, స్కోప్‌ని నిలువుగా, కొస కింద దేనికీ తగలకుండా వేలాడదీయాలి, అదీ గాలి ఆడే అల్మారాలో, కడిగే సింకు పక్కన కాదు.

ప్రయాణానికి గట్టి ప్లాస్టిక్ డబ్బా, లోపల తుడవగలిగే గోడలు, మూత ఉన్నది తీసుకోండి, శుభ్రమైన స్కోప్‌కి ఒకటి, వాడిన స్కోప్‌కి వేరే ఒకటి, రంగులు వేరుగా ఉంటే ఇంకా మంచిది. నర్సీపట్నంలో ఆఖరి కేసు అయ్యాక విశాఖ వచ్చి కడుగుదాంలే అనుకుంటున్నారేమో, అది మాత్రం ఆపండి. దారిలో రెండు గంటలు అయ్యేసరికి ఛానల్లో రక్తం ఎండిపోతుంది, ఎండాక బ్రష్‌కి కూడా రాదు. కేసు అవ్వగానే మంచం పక్కనే ఛానల్లోంచి ఎంజైమ్ నీళ్ళు లాగి, బయట తుడిచి, లీక్ టెస్ట్ (గొట్టానికి చిల్లు పడిందేమో చూడటం) చేసి, గంట లోపు బ్రష్‌తో కడగడం అయిపోవాలి. అంటే ఒక టబ్బు, ఎంజైమ్ సొల్యూషన్, బ్రష్‌లు, లీక్ టెస్టర్ కూడా మీతో పాటు కారులో వెళ్ళాలి. ఇవి పెట్టుకోవడానికి కారులో చోటు లేదంటే ఆ రోజు స్కోప్ తీసుకెళ్ళొద్దని డాక్టరు గారికి చెప్పండి. ఇప్పుడు పెట్టెలో ఉన్న స్కోప్‌ని రేపు ఎవరికీ వేయకండి, ముందు మొదటినుంచి పూర్తిగా కడిగి, మందులో ముంచి, ఆరబెట్టి, ఛానల్ నీళ్ళని ఒక్కసారి కల్చర్‌కి పంపండి.